రెండు వందల గజాల ఆసామి

“ఆసామి పోయాడంటమ్మా,” అన్నాడు నాన్న.

బడికి బయలుదేరుతూ గడపలో చెప్పులు తొడుక్కుంటున్న నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఆ మాట ఇద్దరిది. నాన్న నోట ఆసామి అంటే ఒక్కడే. తాను వయసులో ఉండగా ఎవరి మిరపచేలో కూలికి వెళ్లేవాడో ఆ పెద్దాయన. ఆ పెద్దాయన నోట ఆసామి అంటే నేను. భూమి గలవారిని పిలిచే ఆ మాట మా వంశంలో అంతకుముందు ఎవరి మీదా వాలలేదు. మా తాత ఎవరినో పిలిచాడు, నాన్న పిలిచాడు, అమ్మ పిలిచింది. పిలిపించుకున్నది మాత్రం నేనే, అదీ ఆయన ఒక్కడి చేతనే.

“ఎప్పుడంట?”

“తెల్లవారుజామున. నిద్రలోనే పోయాడంట.”

మా ఇంటి ఎదుట, రోడ్డుకు అవతల, పార్కు కోసమని వదిలిన స్థలంలో మిరపచేను ఎర్రబారి ఉంది. నాన్న దాని వైపు చూసి, “రెండో కోత ఈ వారంలో మొదలెడదామన్నాడు,” అంటూ చొక్కా కోసం లోపలికి వెళ్లాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచవలసిన కారణమేదీ లేదు. ఆయన నన్ను గానీ, నేను ఆయనను గానీ ఏనాడూ పేరు పెట్టి పిలుచుకోలేదు, అంతే. ఆయన మంచివాడని నిరూపించడం కూడా నా ఉద్దేశం కాదు. నాన్న తరం కూలీలను అడిగితే ముందుగా ఆయన గొంతు గురించే చెబుతారు. గట్టు మీద నిలబడి కేకేస్తే పక్క చేలో వంగిన నడుములు కూడా లేచేవట. సాయంత్రం కోత ముగిశాక, కాయలు దాచారేమోనని, ఆడవాళ్లను ఒడి విప్పి దులపమనేవాడట. మా పేటవాళ్లకు గట్టు మీద టీ పోసే గ్లాసులు వేరుగా, తుమ్మచెట్టు కొమ్మకు తగిలించి ఉండేవట. అమ్మ ఈ సంగతులు నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఒక్కసారీ నవ్వు రాలేదు.

అయితే ఆయనా నిజానికి ఆసామి కాడు. కూలీల కంటికి ఆసామి, అంతే. ఆ నేల గుంటూరులో ఉండే మరొక కుటుంబానిది. ఆయన కౌలుదారు. అది కాగితం మీద రాసుకున్న కౌలు కాదు, నోటిమాట. ప్రతి ఉగాదికీ ఆ ఇంటికి వెళ్లి వరండాలో నిలబడేవాడు. “ఈ ఏడు కూడా నువ్వే చేసుకో,” అని లోపలినుంచి ఒక మాట వచ్చేది. ఆ మాటతో ఏడాది గడిచేది. చేను ఎర్రబడ్డాక తొలికోత కాయలు ఒక సంచిలో ఆ ఇంటికి చేరేవి. ఆయన తండ్రి కూడా ఆ వరండాలోనే నిలబడ్డాడట.

నల్లపాడు దాటాక రోడ్డుకు ఇరువైపులా ఉన్న చేలన్నీ ఒక్కొక్కటిగా వెంచర్లయిన కాలంలో ఆ కుటుంబం కూడా నేల అమ్మేసింది. ముఖద్వారం కట్టారు. దానికి రెండు వైపులా సిమెంటు ఏనుగులు నిలబెట్టారు. చేల మధ్య తారు రోడ్లు వేసి, గట్లు చదును చేసి, నంబర్లు రాసిన హద్దురాళ్లు పాతారు. కొన్నవాళ్లలో ఇల్లు కట్టుకోవడానికి కొన్నవాళ్లు తక్కువ. ధర పెరుగుతుందని కొన్నారు, ధర పెరగాలని వదిలేశారు. నేను ఇల్లు కట్టుకోవడానికే కొన్నాను. ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం వచ్చిన తరువాత నేను కోరుకున్నది అదొక్కటే. చాలా వెంచర్లు చూపిస్తే నాన్న దేనికీ తల ఊపలేదు. ఈ ఏనుగుల దగ్గర మాత్రం ఆటో దిగి, నేరుగా లోపలికి నడిచి, ఒక మూల నిలబడి, “ఇదైతే నాకు తెలిసిన నేల,” అన్నాడు. అమ్మ కాయ కోసిన చేను అదేనని ఇంటికి వచ్చాక చెప్పాడు.

ఆ మరుసటి ఉగాదికి పెద్దాయన మా అద్దె ఇంటికి వచ్చాడు. చర్చికి వెళ్లే మాకు ఉగాది పండుగ కాదు, బడికి సెలవు మాత్రమే. తలుపు తీసిన నాన్న రెండడుగులు వెనక్కు వేసి గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

“ఏరా, బాగున్నావా?”

“బాగున్నానండీ. రండి ఆసామీ.”

“ఈ ఇల్లు నీదేనా?”

“అద్దె ఇల్లండి. మా అమ్మాయి ఉంటంది.”

“ఆ అమ్మాయితోనే పనిరా.”

నేను కుర్చీ వేశాను. ఆయన దాని అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్లు కూర్చున్నాడు. పొడవైన మనిషి. తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. నాన్న ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు.

“కూర్చో నాన్నా,” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. “కూర్చోరా,” అని, ఏదో తగిలినట్లు ఆగి, “కూర్చో,” అన్నాడు. ఆ రోజు తరువాత ఆయన నాన్నను ‘రా’ అనడం నేను వినలేదు. ‘అండి’ అనడమూ వినలేదు. నాన్నతో మాట్లాడే ప్రతి వాక్యాన్నీ చివరి అక్షరం దగ్గర మింగేసేవాడు.

“మీ చేను ఖాళీగా ఉందంట ఆసామిగారూ,” అన్నాడు నాతో.

నా వెనుక మరెవరైనా ఉన్నారేమోనని ఒక్క క్షణం అనుమానించాను. “మాకు చేను లేదండీ,” అన్నాను.

“ఉందమ్మా. సిమెంటు ఏనుగులు దాటాక ఎడంచేతి రోడ్డులో, మూలది.”

“అది ప్లాటండీ. రెండు వందల గజాలు.”

“గజాలైతే మాత్రం? నేలేగా. ఇల్లెప్పుడు కడతారు?”

“ఇంకా అనుకోలేదు.”

“అందాకా మిరప పెట్టుకుంటా. నేల ఊరికే కూర్చోదమ్మా. మనం ఏదో ఒకటి పెట్టకపోతే అదే పెట్టుకుంటది. తుమ్మ పెట్టుకుద్ది, వయ్యారిభామ పెట్టుకుద్ది. రేపు పీకించుకోలేక మీరే ఏడుస్తారు.”

పాఠశాలలో తోటి ఉపాధ్యాయులు ఇటువంటి విషయాల్లో చేసే హెచ్చరికలు నాకు గుర్తుకొచ్చాయి. ఒకసారి దున్నుకోనిస్తే రేపు హక్కు అడుగుతారని అంటారు. ఏదైనా రాతపూర్వకంగా ఉంటే ఇద్దరికీ మంచిదేమోనని, సాధ్యమైనంత మర్యాదగా అన్నాను.

ఆయన నవ్వాడు. “కాయితం వద్దమ్మా, మీకే మంచిది కాదు. మాటైతే ఏడాదికి చచ్చిపోద్ది. మళ్లా ఉగాదికి నేనొచ్చి అడుక్కోవాల. కాయితం చావదు. మీ భయమూ చావదు.”

నేను నాన్న వైపు చూశాను. ఒక చేను చేసుకోవచ్చునా అని ఆయన జీవితంలో ఎవరూ ఆయనను అడిగి ఉండరు. నాన్న గొంతు సవరించుకొని, “చేసుకోండి ఆసామీ,” అన్నాడు.

“నేను కాదు ఇయ్యాళ ఆసామిని,” అన్నాడు ఆయన, నన్ను చూపిస్తూ. “ఆ మాట ఆవిణ్ణి అననీ.”

“చేసుకోండి,” అన్నాను.

నేను టీ తెచ్చి ఇచ్చాను. మా ఇంట్లో గ్లాసులన్నీ ఒక్క రకానివే. ఆయన దాన్ని పొగలు కక్కుతుండగానే ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కింద పెట్టి, నోరు కాలినందువల్లనో ఏమో కళ్లు తుడుచుకుంటూ లేచాడు. “ఇంకా చానా గడపలు తిరగాల. ఒకప్పుడు నాకు ఒక్కడే ఆసామి. ఇప్పుడు ముప్పైమంది పైనే. ప్రమోషనొచ్చిందనుకుంటన్నా,” అంటూ మెట్లు దిగాడు.

నిజంగానే అన్ని గడపలూ తిరిగాడు. బ్రాడీపేటలో లిఫ్టు ఉన్న ఇంటికి వెళ్లి, లిఫ్టు ఎక్కడానికి భయపడి, మెట్ల మీదుగా ఆఖరి అంతస్తు దాకా నడిచాడు. కొందరు తలుపు తీయలేదు. కొందరు ఫోనులో సరేనన్నారు. ఎవరు కాదంటే వారి ప్లాటు మేరకు నాగలి వేయలేదు. అందువల్ల ఆ సంవత్సరం ఆ వెంచరు చూడడానికి విచిత్రంగా ఉండేది. పచ్చని మిరప మధ్య అక్కడక్కడా చతురస్రాలుగా తుమ్మముళ్లు. ట్రాక్టరు పెడితే హద్దురాళ్లు లేచిపోతాయని ఎడ్లను బాడుగకు తెచ్చాడు. ప్రతి రాయి దగ్గరా ఎడ్లను ఆపి, పక్కకు తప్పించి, దాని చుట్టూ పిడికెడు గడ్డి వదిలేసేవాడు.

నాకు బాగా జ్ఞాపకమున్నది పార్కు స్థలం. నేను, నాన్న చూడడానికి వెళ్లినప్పుడు చేనంతటిలోకీ అదొక్కటే మొలలోతు ముళ్లతో ఉంది.

“ఇక్కడ ఎందుకు వేయలేదండీ? ఇది అందరిదీ, ఎవరూ ఏమీ అనరు,” అన్నాను.

“అందరిదంటే ఎవరిదమ్మా?”

“ప్లాట్లు కొన్నవాళ్లందరిదీ.”

“అంటే ఎవరినడగాల?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఆసామి లేని నేల నేను ముట్టుకోను. రేపెవరో వచ్చి ఎవడు చెయ్యమన్నాడురా అంటే ఎవరి పేరు చెప్పాల?”

ఆయన పట్టుదల అటువంటిది. ఈ లెక్కన ఆ వెంచరులో మట్టి మొత్తానికీ ఒక్కొక్క యజమాని ఉన్నాడు, ఆ పార్కుకూ, ముఖద్వారం ఏనుగుల కింది నేలకూ తప్ప.

సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం సంచి భుజాన వేసుకొని వచ్చాడు. “తొలికోత. ఇయ్యి మీ చేలోయే,” అన్నాడు. ఆ మాటను నేను మొదట మర్యాదకు అన్నదనుకున్నాను. కాదు. ఎవరి ప్లాటులో కాసిన కాయలు వారికే వేరువేరుగా కోసి, వేరువేరుగా మూట కట్టాడు. ఈ పద్ధతి ఆయనను ఎన్ని చిక్కుల్లో పెట్టిందో స్వయంగా చెప్పుకొని నవ్వించేవాడు.

“బ్రాడీపేటలో ఒకావిడ తలుపు తీసి, కిలో ఎంత అంది. అమ్మటం కాదమ్మా, ఇయ్యి మీయే అన్నా. మావి ఎట్టా అయితయ్, మేం మార్కెట్లో కొనుక్కుంటాంగా అని తలుపేసేసింది. లోపలినుంచి ఎవరికో చెబుతంది, ఎవడో దొంగ మిరపకాయలు ఊరికే ఇస్తన్నాడు, జాగ్రత్త అని!”

నాన్న నోటికి కండువా అడ్డం పెట్టుకొని నవ్వాడు.

“ఇంకా విను,” అన్నాడు ఆయన, చివరి అక్షరం మింగి. “పక్కపక్క ప్లాట్లోళ్లు ఇద్దరు ఒకే మేడలో ఉంటారు. ఆయనకి సంచి నిండా ఇచ్చి నాకు సగమే ఇచ్చావేంటి అని ఒకాయన కోపం. మీ చేలో రోడ్డు కంకర కలిసిందండీ, మొక్క ఎదగలేదు అన్నా. నాకు ప్లాటు అమ్మినప్పుడు ఆ సంగతి చెప్పలేదే అని వెంచరోళ్లకి ఫోన్ చేశాడు!”

మా వాటా మిరపకాయలను నేను ఎండబెట్టి దంపించాను. మా ఇంట్లో అంతవరకూ కారం ఎప్పుడూ కొన్నదే. మొదటి ముద్ద కలిపేటప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేశాడో, అమ్మను తలచుకున్నాడో నేను అడగలేదు.

ఇలా కొన్ని ఉగాదులు గడిచాయి. ఆయన రావడం, కుర్చీ అంచున కూర్చోవడం, నేను చేసుకోండి అనడం ఒక ఆచారమైంది. నాన్న కూడా ఎదురుగా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవారు. పాత రోజుల గురించి, ఒడి దులిపించిన సాయంత్రాల గురించి ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఏడాది నాన్నకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. మేడ మీది అద్దె ఇంట్లో మెట్లు ఎక్కి దిగడం కష్టమైంది. నడవగలిగినప్పుడే తన గుమ్మంలోకి నడవాలని ఆయన కోరిక. క్రిస్మస్ వెళ్లగానే పునాది వేయడానికి మేస్త్రి ఒప్పుకున్నాడు, అప్పుడు కాకపోతే ఎండాకాలం దాకా కుదరదన్నాడు. అప్పటికి చేను కాపు మీద ఉంటుంది. నేను మాటిచ్చింది ఉగాది వరకు. ఈ రెండింటి మధ్య చాలా రోజులు నలిగి, చివరికి చేను దగ్గరికి వెళ్లి ఆయనకే చెప్పాను.

ఆయన గట్టున కూర్చొని ఉన్నాడు. గట్టంటే ఇప్పుడు రోడ్డు అంచు సిమెంటు దిమ్మ. చెప్పిందంతా విని, “మీ చేను, మీ ఇష్టం ఆసామిగారూ,” అన్నాడు. అందులో నిష్ఠూరమేమైనా ఉందేమోనని వెదికాను, కనపడలేదు. “మీ మొక్కలు నేనే పీక్కుంటాలే. కాకపోతే ఒక్క మాట. బోరు దగ్గరినుంచి బోదె మీ చేలోంచే పోద్ది. మీరు పునాది తవ్వితే నీళ్లు ఆగిపోతయ్. వెనకమాల ఉన్నయన్నీ మీ చేను మీదే బతుకుతన్నయ్.”

మేస్త్రిని అడిగితే కాలువ కోసం పునాది ఆపడం తన సర్వీసులో లేదన్నాడు. పునాది రోజున పాస్టరుగారు ప్రార్థన ముగించి వెళ్లాక, నాన్న చేతికర్ర పక్కన పెట్టి కందకంలోకి దిగాడు. ఎక్కడినుంచి తెప్పించాడో, రెండు లావుపాటి పైపులు అడుగున పరిపించాడు. “దీని మీద కట్టుకోండయ్యా. నీళ్లు మాత్రం ఆపగూడదు,” అన్నాడు.

“పెద్దాయనా, పునాదిలో నీళ్లు పారితే ఇంటికి మంచిది కాదు,” అన్నాడు మేస్త్రి.

“పక్కోడి చేను ఎండబెట్టి కట్టిన ఇంటికి మంచిదా?”

నాన్న ఆసామి రోడ్డు అంచున నిలబడి ఇదంతా చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు. ఆ సాయంత్రం మోటారు వేసినప్పుడు నీళ్లు మా ఇంటి ఈ వైపు భూమిలోకి దూరి ఆ వైపు బోదెలోకి వచ్చాయి. ఆయన వంగి ఆ నీళ్లలో చెయ్యి పెట్టి, “వస్తన్నయ్,” అన్నాడు. నాన్న, “వస్తన్నయ్ ఆసామీ,” అన్నాడు. వారిద్దరి మధ్య దీనికంటే పొడవైన సంభాషణలు నేను చాలానే విన్నాను. అయినా ఇది వేరు.

మా ఇల్లు ఆ వెంచరులో మొదటి ఇల్లు. మా కిటికీలకు అద్దాలు బిగించేసరికి వెంచరుకు ప్రాణం వచ్చిందని అందరూ అన్నారు. ధరలు కదిలాయి. చాలాకాలంగా కనిపించని యజమానులు కార్లలో వచ్చి హద్దురాళ్లు వెదుక్కున్నారు, చుట్టూ కంచెలు వేశారు, ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ తరువాత వచ్చిన ఉగాదికి ఆయన తిరిగిన ఏ గడపలోనూ చేసుకోమన్న మాట దొరకలేదు. చివరికి మా గుమ్మం ముందుకు వచ్చాడు. మా దగ్గర ఇవ్వడానికి ఇక నేల లేదని ఆయనకు తెలుసు.

“ఆ పార్కు సంగతి అడుగుదామని వచ్చా,” అన్నాడు. “ఒక్క ఏడు. తోటకూరో, మిరపో. చేతులు ఊరకుండటంలేదు.”

సంఘం సమావేశంలో అడుగుతానని చెప్పాను. అడిగాను కూడా. కార్యదర్శిగారు మర్యాదస్థుడు. “మేడమ్, మీ ఉద్దేశం మంచిదే. కానీ పార్కంటే పార్కులాగే ఉండాలి కదా,” అన్నారు. ఒకరు పురుగుమందు వాసన అన్నారు. ఒకరు అలవాటు చేస్తే వదలరు అన్నారు. చివరకు చూద్దాం అన్నారు. తొలకరి పడ్డాక మళ్లీ వచ్చిన ఆయనకు అదే చెప్పాను.

“చూద్దామంటే చేసుకోమనా, వద్దనా?”

“ఇంకా తేలలేదండీ.”

“నారు పోసే పొద్దు దాటిపోద్దమ్మా. మీరు ఆ సంఘంలో ఉన్నారుగా. మీరొక్కరు చేసుకో అనండి, చాలు నాకు.”

“ఒక్కదానిగా చెప్పే హక్కు నాకు లేదండీ. అది అందరిదీ,” అన్నాను.

“మరి ఎవరికుంది?”

ఆయన అడిగిన తీరులో వాదన లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ వ్యక్తి ఇల్లు ఎంత దూరమైనా నడిచి వెళ్లి అడగడానికి సిద్ధంగా ఉన్నాడు. నాకు ఆ ఇల్లు తెలియదు.

వరండాలో మంచం మీద కూర్చున్న నాన్న అప్పుడన్నాడు. “నేను చెబుతన్నా. చేసుకో ఆసామీ. ఉగాది దాకా.”

నేను, “నాన్నా,” అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

పెద్దాయన నాన్న ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. తన చేలో ఏళ్ల తరబడి వంగి పనిచేసిన మనిషి. ఈ భూమ్మీద ఏనాడూ సెంటు నేల తన పేరున లేని మనిషి.

“మాటేనా?”

“మాటే.”

“సరేనండీ,” అన్నాడు ఆయన.

కార్యదర్శిగారు వచ్చి గొణిగారు. ముళ్లు పోయి పచ్చగా ఉందని మరికొందరు సంతోషించారు కూడా. నీళ్లు మా ఇంటి నుంచి రబ్బరు గొట్టంతో పోయాయి. ఉదయాలు నాన్న కర్ర పట్టుకొని రోడ్డు దాటేవాడు. ఇద్దరు ముసలివాళ్లూ చెరొక సాలులో ముక్కాలిపీటలు వేసుకొని కలుపు తీసేవారు. ఒకరు ఇంకొకరిని పనిలోకి పిలిచారనడానికి లేకుండా.

ఇక్కడివరకు వచ్చి ఆయన పోయాడు.

ఆ ఉదయం బడికి సెలవు చెప్పి నాన్నతో పాటు వెళ్లాను. ఆయన భార్య అరుగు మీద కూర్చొని ఉంది. అందరూ ఏవేవో ఓదార్పు మాటలు చెబుతున్నారు. ఆమె నాన్నను చూడగానే కొంగు సవరించుకొని, “చేను ఎట్టా ఉంది?” అని అడిగింది.

“కాయ ఎర్రబడ్డదమ్మా. కోతకి వచ్చింది.”

“మాకు మైల. పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లోవాళ్లెవరం చేలో అడుగుపెట్టగూడదు. రాలిపోద్దేమో.”

“రాలదు. నేను చూస్తా,” అన్నాడు నాన్న.

కబురు కార్యదర్శిగారికీ అందింది. చాలా చింతించారు. “పాపం, పెద్దాయన. సరే, ఇక ఆయన లేరు కనుక ఇబ్బంది లేదు మేడమ్. వాకింగ్ ట్రాకుకు నేల చదును చేయిద్దాం,” అని ఫోనులో అన్నారు. పెద్దకర్మ వరకు ఆగమన్నాను. చూద్దాం అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో ఈసారి త్వరగానే తెలిసింది. మూడో రోజు నేను బడికి తయారవుతుండగా ఏనుగుల మధ్యనుంచి జేసీబీ లోపలికి వచ్చింది.

నేను వరండాలోకి వచ్చేసరికే నాన్న రోడ్డు దాటాడు. కర్ర మరిచిపోయాడు. పార్కు మూల, మొదటి సాలు ముందు నిలబడ్డాడు. డ్రైవరు చిన్నవాడు, పాతికేళ్లుంటాయేమో. ఇంజను ఆపకుండానే తల బయటికి పెట్టాడు.

“పక్కకి జరుగు తాతా! చదును చెయ్యాల!”

“కాయ ఉంది బాబూ.”

“ఉంటే? ఎవరిదీ చేను? నీదా?”

“నాది కాదు. ఆయనది.”

“ఆయన్ని రమ్మను మరి.”

“పోయాడు. ఇంట్లోవాళ్లు మైలలో ఉన్నారు. వాళ్లు ఇప్పుడు రాగూడదు. ఉగాది దాకా చేసుకోమని నేను మాటిచ్చా.”

“నువ్వెవరు మాటివ్వటానికి? సెక్రటరీవా?”

“కాదు.”

నేనూ రోడ్డు దాటి నాన్న పక్కకు వెళ్లి నిలబడ్డాను. “ఇద్దరం ఇచ్చాం,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను నన్ను చూశాడు, నాన్నను చూశాడు. ఇంజను ఆపి కిందికి దిగాడు. చేలోకి వంగి ఒక కొమ్మను ఎత్తి పట్టుకున్నాడు. ఎర్రకాయల పైన, చివర్లలో, చిన్నచిన్న తెల్లపూలు ఉన్నాయి.

“ఇంకా పూత మీదుందే,” అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్లు. “మీదేనా ఎరువు? బాగా పెట్టారు.” కాసేపు తల గోక్కున్నాడు. “సరే. బకెట్ పిన్ను విరిగిందని చెప్తాలే. ఒక వారం దాకా ఏదో చెప్తా తాతా. ఉగాది దాకా అంటే మాత్రం నా ఉద్యోగం పీకేస్తారు.”

“వారం తర్వాత రా,” అన్నాడు నాన్న. “నేనిక్కడే ఉంటా. అప్పుడు మళ్లీ చెప్తా.”